లైవ్‌కి తలకిందుల చిట్కాలు

స్క్రీన్ రికార్డింగ్ ఎలా మొదలుపెట్టాలని ఎవరినడిగినా చెప్పే వరుస ఒకటే. మంచి కెమెరా కొనండి, రింగ్ లైటు తెప్పించండి, ఓబీఎస్ అనే రికార్డింగు సాఫ్ట్‌వేరు దించుకోండి, ఛానల్ తెరిచి లోగో చేయించండి, గో లైవ్ నొక్కండి. చూసేవాళ్ళు వాళ్ళే వస్తారు. నేను చెప్పబోయేది దీనికి పూర్తిగా ఎదురు వరుస. చూసేవాళ్ళ చేతిలోని ఫోను దగ్గర మొదలవుతుంది. మధ్యలో మీ తెర చిన్నదవుతుంది, మీ రికార్డింగు మీరే చూడకుండా ఉండాల్సి వస్తుంది, చక్కగా నడుస్తున్న సాఫ్ట్‌వేరుని కావాలని చంపాల్సి వస్తుంది. ఇవి తప్పుడు సలహాల్లా వినిపిస్తాయి. అయినా ఇందులో ఒక్కటి కూడా మార్చను.

ఎవరికోసం చెప్తున్నానంటే, మన ఊళ్ళలో ఏళ్ళ తరబడి ట్యాలీ నేర్పిన ఇన్‌స్టిట్యూట్ సార్లున్నారు. అను ఫాంట్లతో పెళ్ళిపత్రికలు కంపోజ్ చేసే డీటీపీ వాళ్ళున్నారు. జీఎస్టీ రిటర్నులు వేసే అకౌంటెంట్లున్నారు. ఎక్సెల్‌లో మార్కుల జాబితాలు ఇట్టే తేల్చేసే హైస్కూలు టీచర్లున్నారు. వీళ్ళ చేతుల్లో ఉన్న విద్య తెలుగులో, చెవికి వినపడేలా, కంటికి కనపడేలా దొరకాలని నా కోరిక. కెమెరా కొనేదాకా ఆగితే వీళ్ళు ఎప్పటికీ మొదలుపెట్టరు. కొని మొదలుపెట్టినవాళ్ళు కూడా గొంతు వినపడక, అక్షరం కనపడక వచ్చినవాళ్ళని పోగొట్టుకుంటారు. విద్య లేక కాదు, వరుస తప్పి.

సాఫ్ట్‌వేరు ఇంకా దించుకోకండి

ముందు ఇంట్లో ఉన్న ఫోన్లలో చిన్నది తీసుకోండి. మీరు నేర్పాలనుకునే విషయం మీదే యూట్యూబులో ఏదో ఒక పాఠం పెట్టి, క్వాలిటీ 360పీకి తగ్గించండి. ఇయర్‌ఫోన్లు లేకుండా ఫోను స్పీకరులోనే వినండి. బస్టాండులో కూచుని చేస్తే ఇంకా మంచిది. ఏ మెనూ దగ్గర కళ్ళు చికిలించారో, ఏ మాట కోసం వెనక్కి తిప్పాల్సి వచ్చిందో కాగితం మీద రాసుకోండి. రేపు మీరు పెట్టుకోవాల్సిన సెట్టింగులన్నీ ఆ కాగితంలోంచే వస్తాయి.

360పీ అన్నది ఊరికే అన్న మాట కాదు. సెకనుకి 2,500 కిలోబిట్ల చొప్పున వచ్చే వీడియో గంటసేపు చూస్తే సుమారు 1.1 జీబీ ఖర్చవుతుంది. రోజుకి 1.5 జీబీ వచ్చే ప్రీపెయిడ్ ప్యాకు వేయించుకున్న డిగ్రీ కుర్రాడికి మీ ఒక్క పాఠంతో ఆ రోజు డేటాలో ముప్పాతిక వంతు పోయినట్టే. అందుకని క్వాలిటీ తగ్గించుకుని చూస్తాడు. మీరు పంపిన వీడియోని యూట్యూబు తనే చిన్న సైజుల్లోకి మార్చి ఉంచుతుంది కాబట్టి అతనికి ఆ వెసులుబాటు ఉంది. అంటే 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉన్న తెరని మీరెంత శ్రద్ధగా రికార్డు చేసినా అతని దగ్గరికి చేరేది 640, 360. సరిగ్గా మూడో వంతు. మీ తెర మీద 18 చుక్కల ఎత్తున్న అక్షరం అక్కడ ఆరు చుక్కలవుతుంది.

ఇంగ్లీషు అక్షరం ఆరు చుక్కల్లో ఎలాగో బతుకుతుంది. మన అక్షరానికి అది చాలదు. స్త్రీ అని రాస్తే సకారం, దానికింద తావత్తు, రావత్తు, పైన గుడిదీర్ఘం, అన్నీ ఆ ఆరు చుక్కల్లోనే సర్దుకోవాలి. వీడియోని కుదించేటప్పుడు ముందుగా చెరిగిపోయేవి ఇలాంటి సన్నటి గీతలే. ఇంగ్లీషు పాఠాల వాళ్ళు చెప్పే అక్షరం సైజులు మనకి పనికిరాకపోవడానికి ఇదే కారణం. వాళ్ళు ఒకటి అంటే మనం ఒకటిన్నర పెట్టుకోవాలి.

మీ తెరని చిన్నది చేయండి

కంప్యూటరు డిస్‌ప్లే సెట్టింగుల్లోకి వెళ్ళి రెజల్యూషన్ 1280, 720కి దించండి. ఐకాన్లు పెద్దవవుతాయి, ఎక్సెల్ షీటులో తక్కువ నిలువు వరుసలు కనిపిస్తాయి, మీకు ఇరుగ్గా ఉంటుంది. ఆ ఇరుకే కావాలి. తెర మీద తక్కువ చోటు ఉన్నప్పుడు మీరు ఒక్కసారి ఒక్క విషయమే చూపిస్తారు.

ఇందులో ఇంకో లాభం ఉంది. తక్కువ ధర ల్యాప్‌టాపుల్లో చాలావాటి తెర 1366, 768. దాన్ని 1280, 720 వీడియోగా మారిస్తే ప్రతి చుక్కా పక్క చుక్కలోకి కాస్త జరగాలి. అక్షరాల అంచులన్నీ మసకబారేది అక్కడే. తెరనే ముందుగా 1280, 720కి దించి, తర్వాత ఓబీఎస్ దించుకున్నాక దాని వీడియో సెట్టింగుల్లో బేస్ కాన్వాస్, ఔట్‌పుట్ రెండూ అవే అంకెలు పెడితే సాగదీయడం, కుదించడం ఏదీ జరగదు. ల్యాప్‌టాపు మీద మీ కంటికి తెర కొంచెం మసగ్గా అనిపిస్తుంది. రికార్డింగులో మాత్రం గీసినట్టు ఉంటుంది. మీ కన్ను కాదు, చూసేవాళ్ళ కన్ను ముఖ్యం. డిస్‌ప్లే జాబితాలో ఆ సైజు లేకపోతే ఉన్నదాంతోనే ఉండి, బ్రౌజరునీ ఎక్సెల్‌నీ కంట్రోల్ మీట పట్టుకుని మౌసు చక్రం తిప్పి 150 శాతం దాకా పెంచుకోండి.

సెకనుకి 30 ఫ్రేములు చాలు. 60 అన్నది ఆటలు ఆడేవాళ్ళ అవసరం. ఖాతా పుస్తకంలో లెడ్జరు తెరవడానికి 60 ఫ్రేములు పెడితే ప్రాసెసరు వేడెక్కడం తప్ప ఒరిగేదేం లేదు.

రంగుల విషయంలో కఠినంగా ఉండండి. నీలం మీద ఎర్ర అక్షరాలు, ఆకుపచ్చ మీద పసుపు, ఇవి మన స్లైడుల్లో విరివిగా కనిపిస్తాయి. వీడియో ఎన్‌కోడర్లు సాధారణంగా 4:2:0 అనే పద్ధతి వాడతాయి. ప్రతి చుక్కకీ వెలుగు ఎంతో విడిగా రాసుకుంటాయి, రంగుని మాత్రం నాలుగు చుక్కలకి కలిపి ఒక్కటే రాసుకుంటాయి. వెలుగులో తేడా లేకుండా రంగులో మాత్రమే తేడా ఉన్న అక్షరం అందుకే అంచులు కారిపోయి కనిపిస్తుంది. తెలుపు మీద నలుపు, లేదా నలుపు మీద తెలుపు. అలంకారం కావాలంటే పక్కన పెట్టండి, అక్షరం మీద వద్దు.

రికార్డింగుని చూడకండి

ఓబీఎస్ సంగతి కింద చెప్తాను; దాంతో మొదటి రికార్డింగు చేశాక దాన్ని ఫోనులోకి పంపించి, ప్లే నొక్కి, ఫోనుని బల్ల మీద బోర్లా పెట్టండి. మొత్తం వినండి. బొమ్మ లేకుండా మీ పాఠం ఎంతవరకు అర్థమైందో అంతే మీ పాఠం. బొమ్మ మసగ్గా ఉంటే జనం ఓర్చుకుంటారు. గొంతు వినపడకపోతే అర నిమిషం కూడా ఉండరు. వంట చేస్తూ, బండి తుడుస్తూ, లెడ్జరులో రాసుకుంటూ వింటున్నవాళ్ళు తెరవైపు చూసేది మధ్యమధ్యలోనే. అందుకని ఇక్కడ నొక్కండి, అక్కడ చూడండి అనకండి. కుడివైపు పైన ఉన్న సేవ్ నొక్కుతున్నాను అని నోటితో చెప్పండి.

మైకు కోసం డబ్బు ఖర్చు పెట్టేముందు గది సంగతి చూడాలి. ఖాళీ గోడలు, టైల్స్ నేల, నాపరాళ్ళు ఉన్న గదిలో ఎంత ఖరీదైన మైకు పెట్టినా గొంతు బావిలోంచి వచ్చినట్టే ఉంటుంది. మంచం, పరుపు, దిండ్లు, బట్టలతో నిండి తలుపు తెరిచి ఉన్న బీరువా, మందపాటి కర్టెను ఉన్న పడకగదే మీ స్టూడియో. సీలింగ్ ఫ్యాను ఆపేయాలి. మే నెలలో రామగుండంలోనో బెజవాడలోనో ఫ్యాను ఆపి కూచోమనడం భావ్యం కాదు కాబట్టి తెల్లవారుజామున చేసుకోండి. వీధి కూడా అప్పుడే నిశ్శబ్దంగా ఉంటుంది.

మైకు మాటకొస్తే, ఫోనుతో వచ్చిన వైరు ఇయర్‌ఫోను మైకుతో మొదలుపెట్టవచ్చు. నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. ఎదురుగా పెడితే ప, బ, భ అన్నప్పుడల్లా గాలి కొట్టుకుంటుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వద్దు. వాటి మైకు వాడగానే అవి కాల్ మాట్లాడే పద్ధతికి మారిపోతాయి, గొంతు పలచబడుతుంది. స్పీకర్లు ఆపి ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం మర్చిపోవద్దు. స్పీకరులో వచ్చిన మీ గొంతే మళ్ళీ మైకులోకి వెళ్తే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది.

ఓబీఎస్ ఆడియో మిక్సరులో కదిలే పట్టీ మూడు రంగుల్లో ఉంటుంది. మైనస్ 20 డెసిబెల్స్ దాకా ఆకుపచ్చ, అక్కణ్ణుంచి మైనస్ 9 దాకా పసుపు, ఆపైన ఎరుపు. మామూలుగా మాట్లాడుతున్నప్పుడు పట్టీ పసుపులో ఊగుతుండాలి. గట్టిగా నవ్వినప్పుడు ఎరుపు అంచుని తాకి వస్తే ఫరవాలేదు. సున్నాని తాకితే గొంతు పగిలినట్టే. తర్వాత దాన్ని ఏ ఎడిటింగూ బాగుచెయ్యలేదు.

మైకు మీద ఫిల్టర్లు మూడు చాలు. వరుస కూడా ఇదే ఉండాలి: ముందు నాయిస్ సప్రెషన్, తర్వాత కంప్రెసర్, చివర లిమిటర్. కంప్రెసర్ ముందు పెడితే మెల్లగా ఉన్న ఫ్యాను మోతని కూడా పైకి లేపి, తర్వాత దాన్ని తీసెయ్యమని ఇంకో ఫిల్టరుకి చెప్పినట్టవుతుంది. నాయిస్ సప్రెషన్‌లో ఆర్ఎన్‌నాయిస్ మంచిది; పాత కంప్యూటరు ఆయాసపడితే స్పీక్స్ ఎంచుకోండి. రికార్డింగులో గొంతు ఒక్క చెవిలోనే వస్తుంటే భయపడక్కర్లేదు. అడ్వాన్స్‌డ్ ఆడియో ప్రాపర్టీస్‌లో ఆ మైకు వరుసలో మోనో అన్న చోట టిక్ పెడితే రెండు చెవుల్లోకీ వస్తుంది.

పెళ్ళిళ్ళు లైవ్ ఇచ్చే వీడియోగ్రాఫర్లకి ఇక్కడే ఒక మాట. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న బంధువులు నిద్ర మానుకుని చూసేది మూడు ముళ్ళ క్షణం. సరిగ్గా అప్పుడే గట్టిమేళం మోగుతుంది. మంత్రాలకి సరిపోయేలా లెవెల్ పెట్టుకుని ఉంటే ఆ క్షణంలో అమెరికాకి చేరేది చెవులు చిల్లులు పడే గరగర మాత్రమే. మేళం వాళ్ళు ఉదయం రాగానే ఒక్కసారి గట్టిగా వాయించమని అడగండి, కాదనరు. దాని మీద లెవెల్ పెట్టుకుని, లిమిటర్ తగిలించి, మంత్రాల కోసం పంతులుగారికి విడిగా కాలరు మైకు ఇవ్వండి.

ఇప్పుడు ఓబీఎస్. ఒక్క సీను, రెండు సోర్సులు

ఓబీఎస్ స్టూడియో ఉచితం. 2012లో మొదలైంది, జీపీఎల్ లైసెన్సు కింద సోర్సు కోడుతో సహా అందరికీ తెరిచి ఉంది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. వీడియో మీద తన ముద్ర వెయ్యదు, ఇన్ని నిమిషాలే అని గీత గియ్యదు. ఓబీఎస్‌ప్రాజెక్ట్ డాట్ కామ్ నుంచి మాత్రమే దించుకోండి. దీనికోసం ఎవరైనా డబ్బడిగితే అది ఓబీఎస్ కాదు.

తెరవగానే ఆటో కాన్ఫిగరేషన్ విజార్డ్ వస్తుంది. రికార్డింగు కోసమే అని చెప్పండి. సీన్ల పెట్టెలో ఒక సీను ఉంటుంది, దాన్ని అలాగే ఉంచండి. సోర్సుల పెట్టెలో రెండే చేర్చండి: మీ మైకు, మీరు చూపించబోయే విండో. కదిలే బోర్డర్లు, కింద పరిగెత్తే అక్షరాలు, వెల్‌కం యానిమేషన్లు ఏవీ వద్దు. అవన్నీ చేర్చడం నేర్చుకోవడంలో వారం గడిచిపోతుంది, పాఠం ఒక్కటి కూడా పుట్టదు.

డిస్‌ప్లే క్యాప్చర్ బదులు విండో క్యాప్చర్ వాడమనడానికి బలమైన కారణం ఉంది. డిస్‌ప్లే క్యాప్చర్ తెర మీద ఉన్నదంతా ఇస్తుంది: వాట్సాప్‌లో వదిన పంపిన మెసేజీ, బ్యాంకు ఓటీపీ, పక్క ట్యాబులో తెరిచి ఉన్న ఆధార్ కాపీ. విండో క్యాప్చర్ ట్యాలీ అంటే ట్యాలీనే ఇస్తుంది. మెనూలు, చిన్న డైలాగ్ పెట్టెలు విడి విండోలుగా తెరుచుకునే సాఫ్ట్‌వేరులో మాత్రం అవి రికార్డు కాకుండా పోవచ్చు. అప్పుడు డిస్‌ప్లే క్యాప్చర్ తప్పదు. ఆ పరిస్థితి వస్తే కంప్యూటరులో పాఠాల కోసమే కొత్త యూజర్ అకౌంటు ఒకటి తెరవండి. అందులో వాట్సాప్ ఉండదు, ఈమెయిలు ఉండదు, బ్రౌజరులో దాచిన పాస్‌వర్డులు ఉండవు. జీఎస్టీ పాఠం చెప్పేవాళ్ళు నిజం క్లయింటు ఖాతా తెరిచి చూపించడం నేరంతో సమానమని నా అభిప్రాయం. ఉత్తుత్తి కంపెనీ ఒకటి సృష్టించుకోవడానికి పట్టేది పది నిమిషాలు.

డిస్‌ప్లే క్యాప్చర్ పెట్టగానే నల్ల తెర వచ్చిందంటే మీ ల్యాప్‌టాపులో రెండు గ్రాఫిక్స్ చిప్పులు ఉన్నాయేమో చూడండి. తెర ఒకదాని మీద, ఓబీఎస్ ఇంకోదాని మీద నడుస్తున్నాయన్నమాట. విండోస్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో ఓబీఎస్‌ని పవర్ సేవింగ్ చిప్పు మీదకి మారిస్తే తెర వస్తుంది.

తెలుగు శీర్షిక పెట్టాలనుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. విండోస్‌లో టెక్స్ట్ సోర్సు మన లిపిని సరిగానే చూపిస్తుంది. లినక్స్, మ్యాక్‌లలో వచ్చే ఫ్రీటైప్ టెక్స్ట్ సోర్సుకి మాత్రం వత్తులూ గుణింతాలూ అతికించడం రాదు, అక్షరాలు విడివిడిగా పడతాయి. తప్పుగా పడిన తెలుగుని అలాగే లైవ్‌లో వదలకండి. లిబ్రే ఆఫీసులో శీర్షిక రాసి బొమ్మగా మార్చి ఇమేజ్ సోర్సుగా పెట్టండి, లేదా బ్రౌజర్ సోర్సు వాడండి. గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మల్లన్న, మండలి లాంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా ఉన్నాయి. చిన్న తెర మీదికి రామభద్ర లాంటి లావు అక్షరాలు నయం.

నడుస్తున్న రికార్డింగుని చంపండి

అయిదు నిమిషాల రికార్డింగు మొదలుపెట్టండి. మూడో నిమిషంలో టాస్క్ మేనేజరు తెరిచి ఓబీఎస్‌ని ఎండ్ టాస్క్ చేసెయ్యండి. ఇప్పుడు ఫోల్డరులో ఉన్న ఫైలు తెరుచుకుంటుందా చూడండి.

ఈ పని ముందే చెయ్యనివాళ్ళకి అది కరెంటు చేసిపెడుతుంది. గంటన్నర పాఠం చివర్లో కరెంటు పోతుంది, డెస్క్‌టాపుకి యూపీఎస్ ఉండదు. మామూలు ఎంపీ4 ఫైలు చివరి పేజీలో విషయసూచిక రాసుకునే పుస్తకం లాంటిది. ఆ చివరి పేజీ రాయకముందే ఆగిపోతే లోపల ఏముందో ఏ ప్లేయరూ చదవలేదు. ఎంకేవీ ఫైలు అలా కాదు, ఎక్కడ ఆగితే అక్కడిదాకా ఉంటుంది. ఔట్‌పుట్ సెట్టింగుల్లో రికార్డింగ్ ఫార్మాట్ ఎంకేవీగా పెట్టండి. పని అయ్యాక ఫైల్ మెనూలోని రీమక్స్ రికార్డింగ్స్‌తో ఎంపీ4గా మార్చుకోవచ్చు. నాణ్యత పోదు, ఎక్కువసేపు పట్టదు, ఎందుకంటే అది వీడియోని మళ్ళీ చెయ్యదు, పెట్టె మారుస్తుందంతే. కొత్త వెర్షన్లలో హైబ్రిడ్ ఎంపీ4 అని ఒకటి వచ్చింది, అదీ మధ్యలో ఆగినా బతుకుతుంది. ఏది పెట్టుకున్నా సరే, ఎవరి మాటా నమ్మకుండా చంపి చూసుకోండి. ప్లగ్ మాత్రం లాగకండి, హార్డ్ డిస్కు పాడవచ్చు.

మొహం వద్దు

వెబ్‌క్యామ్ పెట్టె తెర మూలని తినేస్తుంది, సాధారణంగా అక్కడే టోటల్ ఉంటుంది. మొహం నిరంతరం కదులుతుంది కాబట్టి ఉన్న కాస్త బిట్‌రేటులో పెద్ద భాగం దానికే పోతుంది, అక్షరాలకి మిగిలేది తక్కువ. సంగీతం, కూచిపూడి ముద్రలు, కుట్టుపని నేర్పేవాళ్ళకి కెమెరా కావాలి, వాళ్ళకీ చూపించాల్సింది చేతులే. లెక్కలు చెప్పేవాళ్ళు ఫోనుని పైనుంచి కాగితం మీదికి వంచి కట్టుకుంటే బ్లాక్‌బోర్డు కన్నా బాగుంటుంది.

లైవ్‌ని వాయిదా వెయ్యండి

ఎలాగూ వాయిదా పడుతుంది. యూట్యూబులో మొదటిసారి లైవ్ కోసం ఫోను నంబరు ధ్రువీకరించాక అనుమతి రావడానికి 24 గంటలదాకా పట్టవచ్చు. మధ్యాహ్నం మూడింటికి బ్రహ్మోత్సవం లైవ్ ఇస్తామని ఊరంతా చెప్పి, రెండున్నరకి ఛానల్ తెరిస్తే జరిగేది అవమానమే. ఫోనులోంచే లైవ్ ఇవ్వాలంటే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లుండాలి. 2025 జూలై నుంచి సొంతంగా లైవ్ ఇవ్వడానికి 16 ఏళ్ళు నిండాలి. మీ ఇంట్లో పదో తరగతి పిల్లవాడు ఛానల్ నడుపుతుంటే ఇది తెలుసుకుని ఉండాలి.

అనుమతి వచ్చాక ఎవరూ చూడని లైవ్ ఇవ్వండి. అన్‌లిస్టెడ్ అని పెట్టి, మీరు నిజంగా పాఠం చెప్పబోయే గంటలోనే మొదలుపెట్టండి. రాత్రి ఎనిమిదిన్నరకి పాఠమైతే పరీక్ష కూడా రాత్రి ఎనిమిదిన్నరకే. వీధి వీధంతా సినిమాలు, సీరియళ్ళు చూసే వేళ మీ నెట్ ఎలా ఉంటుందన్నదే అసలు ప్రశ్న. స్పీడ్ టెస్టులో డౌన్‌లోడ్ అంకె వదిలేసి అప్‌లోడ్ అంకె చూడండి. అందులో సగానికి మించి వాడకండి. 720పీ పాఠానికి 2,500 కిలోబిట్లు సరిపోతాయి, అంటే అప్‌లోడ్ అయిదు ఎంబీపీఎస్ నిలకడగా ఉండాలి. రేట్ కంట్రోల్ సీబీఆర్, కీఫ్రేమ్ ఇంటర్వెల్ రెండు సెకన్లు. వైఫై బదులు వైరు. రూటరు హాల్లో ఉంటే హాల్లోనే కూచోండి.

లైవ్ తడబడినప్పుడు అందరూ నెట్‌ని తిడతారు. ముందు ఓబీఎస్‌లో స్టాట్స్ డాక్ తెరవండి. అందులో పోయిన ఫ్రేములు మూడు రకాలుగా లెక్క ఉంటాయి, మూడింటికీ మందు వేరు. నెట్‌వర్క్ వల్ల పోయినవైతే బిట్‌రేటు తగ్గించాలి; అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో రద్దీనిబట్టి బిట్‌రేటు మార్చుకునే సదుపాయం కూడా ఉంది, దాన్ని ఆన్ చేసుకోండి. ఎన్‌కోడింగ్ ఆలస్యం వల్లయితే ప్రాసెసరు అందుకోలేకపోతోంది: ఇంటెల్ క్విక్ సింక్, ఎన్విడియా ఎన్‌వెంక్ లాంటి హార్డ్‌వేర్ ఎన్‌కోడరు ఉంటే దానికి మారాలి, లేకపోతే సైజు తగ్గించాలి. రెండరింగ్ ఆలస్యం వల్లయితే గ్రాఫిక్స్ చిప్పు మీద భారం ఎక్కువైంది: వెనకాల నడిచేవి మూసెయ్యాలి. వ్యాధి తెలియకుండా కొత్త నెట్ కనెక్షన్ పెట్టించుకున్నవాళ్ళు డబ్బు పోగొట్టుకున్నారు, తడబాటు అలాగే ఉంది.

స్ట్రీమ్ కీ అన్నది మీ ఛానల్ తాళంచెవి. ఓబీఎస్ సెట్టింగులు ఎలా పెట్టాలో లైవ్‌లోనే చూపిద్దామని కొందరు దాన్ని తెర మీద తెరుస్తారు. ఒక్క క్షణం కనపడినా చాలు, మీ ఛానల్లో ఎవరైనా ఏదైనా ప్రసారం చెయ్యొచ్చు. కనపడిందని అనుమానం వస్తే యూట్యూబ్ స్టూడియోలో వెంటనే రీసెట్ నొక్కండి.

పాఠం మొదలయ్యేదాకా సినిమా పాట పెట్టడం మనవాళ్ళకి అలవాటు. పాతపాటే కదా అనుకుంటారు. మన కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగు మీద హక్కు అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్ళు ఉంటుంది, సాహిత్యం మీద, బాణీ మీద హక్కులు వేరే. యూట్యూబులో పాటల్ని గుర్తుపట్టే కంటెంట్ ఐడీ పట్టుకుంటే లైవ్ మధ్యలోనే ఆగిపోవచ్చు. భక్తి పాటలకీ ఇదే వర్తిస్తుంది. గుళ్ళో మైకులో మోగుతున్న పాట కూడా పట్టుబడుతుంది, కాబట్టి ఆలయ ఉత్సవాలు లైవ్ ఇచ్చేవాళ్ళు ఆ కాసేపు స్పీకర్లు ఆపమని ముందే మాట్లాడుకోవాలి. నాదస్వరం ఎదురుగా వాయిస్తుంటే ఇంకే పాటా అక్కర్లేదు కూడా.

లైవ్ ఇస్తున్నంతసేపూ స్టార్ట్ రికార్డింగ్ కూడా నొక్కి ఉంచండి. నెట్ మధ్యలో మూడుసార్లు తెగినా మీ డిస్కులో పాఠం ఏకముక్కగా ఉంటుంది. లైవ్ అయిపోయాక, వినపడుతోందా సార్, వినపడుతోందా మేడం అన్న మొదటి పది నిమిషాలూ కోసేసి ఆ ఫైలునే విడిగా ఎక్కించండి, తెగిన లైవ్‌ని ప్రైవేటు చేసెయ్యండి. వివరణలో నిమిషాలవారీగా అంశాలు రాయండి. మొదటిది 0:00తో మొదలై, కనీసం మూడు అంశాలుండి, ఒక్కోటి పది సెకన్లకి తగ్గకపోతే యూట్యూబు వాటిని అధ్యాయాలుగా విడగొట్టి చూపిస్తుంది. శీర్షిక తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగుగానూ రెండు విధాలా రాయండి, ఎందుకంటే నేర్చుకునేవాళ్ళలో చాలామంది ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతోనే వెతుకుతారు. ఎవరైనా కింద డౌటు అడిగితే జవాబుతో పాటు ఆ సంగతి ఎన్నో నిమిషంలో ఉందో కూడా రాయండి; వాళ్ళు గంట పాఠం మళ్ళీ మొదటినుంచి చూసి డేటా ఖర్చుపెట్టుకోనక్కర్లేదు.